కొమ్ముల్లేని జింకలు

పెరిటియోస్ నెల, 4

కొత్త నాణెం కొట్టించాలని ఇవాళ సభ తీర్మానించింది. ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు మా కొండమీది అమ్మవారు, ఆవిడ చుట్టూ కార్పోస్ పేరు. ఖర్చు వాడిది కాబట్టి పేరు వాడిది. అమ్మవారి పేరు వేయరు. ఆవిడ ఏమీ ఖర్చు పెట్టలేదు.

ఇకనుంచి రోజూ కాకపోయినా అప్పుడప్పుడు రాసుకోవాలి. లేకపోతే ఇదంతా లోపలే పులిసిపోతుంది. మా ఊరి మీద నేను రాసిన ‘పెలస్స పూర్వచరిత్ర’ చుట్టలు గూట్లో పడి ఉన్నాయి. వాటి వెనకవైపు రాస్తున్నాను. ముందువైపు ఎవరూ చదవలేదు, వెనకవైపు ఎవరూ చదవకూడదు. రెంటికీ ఒకటే భద్రత.

కార్పోస్ తాత బానిస. యజమాని వదిలేశాక ఒక గాడిదను సంపాదించుకుని, ఇంటింటికీ తిరిగి మూత్రం కుండలు పోగుచేసి, మురికి వదలగొట్టడానికి ఉన్ని ఉతికేవాళ్ళకి అమ్ముకునేవాడు. ఆ గాడిద మెడలో గంట వినపడితే మా అమ్మ కిటికీలు మూసేది. ఇప్పుడు మనవడికి రంగుల కార్ఖానాలున్నాయి, కొండకింద పొలాలున్నాయి, సభలో మొదటి కుర్చీ ఉంది. వాడికి అక్షరాలు నేర్పింది నేనే. అందుకే తన పేరు తప్పుల్లేకుండా రాయించుకోగలిగాడు, అదీ మా నాన్న కాళ్ళకింద.

కరువు ఏడు మా నాన్న జెనాస్ తన గాదెలు తెరిచి ఊరికి తిండి పెట్టాడు. ఊరు ఆయనకి సంతవీధిలో పాలరాతి విగ్రహం పెట్టింది. పోయినేడు కార్పోస్‌ను గౌరవించాలని సభకు బుద్ధి పుట్టింది, కొత్త రాయి కొనడానికి మాత్రం పుట్టలేదు. మా నాన్న విగ్రహం కింద ఉన్న పేరు గీకేసి, ‘కార్పోస్, ఊరి మేలుకోరి’ అని కొత్తగా చెక్కించారు. మొహం మా నాన్నదే. పొద్దున్నే సంతకి వెళితే మా నాన్న ఎదురవుతాడు. వచ్చేపోయేవాళ్ళు ఆయన్ని కార్పోస్ అంటారు.

పెరిటియోస్ 9

నీళ్ళు లేవు. వీధంతా గాడిదలు.

పెరిటియోస్ 11

చలికాలం మొదట్లో భూమి కదిలినప్పుడు కొండమీద నుంచి వచ్చే నీటికాలువ విరిగింది. గవర్నరుగారి ఇంజనీరు వచ్చి చూసి, తల ఊపి, భోంచేసి వెళ్ళాడు. అప్పటినుంచి కార్పోస్ తన గాడిదలన్నిటినీ నదికి తోలుతున్నాడు. తోలుతిత్తుల్లో నీళ్ళు తెచ్చి ఇంటింటికీ పోయిస్తున్నాడు, ఊరికే. నేను పుస్తకం పట్టుకుని అరుగు మీద కూర్చుంటే ఒక గాడిద వచ్చి నా మొహంలో మొహం పెట్టి చూసింది. దాని చూపులో వాడి పోలికలున్నాయి.

‘‘తాగకు అన్నయ్యా,’’ అంది అప్ఫియ. ‘‘ఆత్మాభిమానం ఉంది కదా, అది తాగు.’’

అప్ఫియ నా చెల్లెలు. భర్త పోయాక నా ఇంటికి వచ్చి, నా ఇంటిని తన ఇల్లు చేసుకుంది. ఆమె వంటకి ఆ నీళ్ళే వాడుతుంది. పప్పులో నాకు గాడిద వాసన వస్తోంది. ఆమెకి రావడం లేదట.

పెరిటియోస్ 23

నాణెం అచ్చు చెక్కేవాడు పరాయి ఊరివాడు కాబట్టి, మా అమ్మవారు ఎలా ఉంటుందో వాడికి ఎవరైనా వివరించాలి. ఆ పని సభ నాకు అప్పగించింది. నేను చదువుకున్నవాణ్ణని ఒక కారణం. అమ్మవారి జింకలకు పండగరోజు మొదటి మేత పెట్టే హక్కు తరతరాలుగా మా వంశానిదని రెండో కారణం. మిగిలినవాళ్ళకి తీరిక లేదన్నది అసలు కారణం.

పేరు కార్పోస్‌ది, శ్రమ నాది. ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో నాకే తెలియదు.

డిస్ట్రోస్ నెల, 2

అచ్చులవాడు దిగాడు. పేరు స్టాకిస్. ఒక బండి, ఒక కొలిమి, ఎప్పుడూ ఉల్లిపాయ నములుతూ ఉండే నోరు. ఊరూరా తిరిగి ఎవరి దేవుణ్ణి వాళ్ళకి చెక్కిపెట్టడం వాడి బతుకు. చక్రవర్తి తలను మాత్రం మళ్ళీ మళ్ళీ చెక్కడు. ఒకే తల అచ్చును బండిలో వేసుకుని తిరుగుతాడు. తీసి చూపించాడు. గడ్డం దగ్గర పగులు.

‘‘ఇదేమిటి?’’

‘‘ఒర్దెయలో కొడుతుంటే వచ్చిందండీ. పెద్దగా కనపడదు.’’

ఒర్దెయ అంటే నదికి అవతలి ఊరు. ఆ ఊరి పేరు మా సభలో ఎత్తితే ఉమ్మేసేవాళ్ళున్నారు.

‘‘అంటే ఒర్దెయవాళ్ళు వాడి పారేసిన చక్రవర్తినా మాకు తెచ్చావు?’’

‘‘చక్రవర్తి ఒక్కడే కదండీ,’’ అన్నాడు. ‘‘అమ్మవారి సంగతి చెప్పండి. నిలబడిందా, కూర్చుందా? పక్కన సింహమా, పామా, జింకా? ఏదైనా నాకు చేతనవుతుంది.’’

చెప్పాను. మా అమ్మవారు శిల్పి చేసిన అందగత్తె కాదు. ఆకాశం నుంచి పడిందని చెప్పుకునే నల్లటి చెక్కమొద్దు. మడమల దాకా బిగుతైన అంగీ, నెత్తిన బుట్టలాంటి కిరీటం, ముందుకు చాచిన చేతుల నుంచి వేలాడే ఉన్ని తాళ్ళు. చెరో పక్కన ఒక జింక, మొహం పైకెత్తి.

‘‘ఒర్దెయలోనూ ఈవిడేనండీ. జింకలతో సహా.’’

‘‘వాళ్ళది నకలు.’’

‘‘వాళ్ళూ మీ గురించి అదే అన్నారు.’’ మైనం పలక తీసి గబగబా గీశాడు. ‘‘ఒక్క కొమ్ములతోనేనండీ చిక్కు. ఇంత చోటులో అన్ని కొమ్మలున్న కొమ్ములంటే కళ్ళు పోతాయి. పైగా అచ్చు పగిలేది ముందు అక్కడే.’’

‘‘అయితే పెట్టకు.’’

నోట్లోంచి అలా వచ్చేసింది. తర్వాత మాట మాత్రం ఆలోచించే అన్నాను. ‘‘చెవులు కాస్త పొడుగ్గా చెక్కు. తోక సన్నగా తీసి చివర కుచ్చు పెట్టు. మెడ మీద నిక్కిన జుట్టు కూడా.’’

స్టాకిస్ ఉల్లిపాయ నమలడం ఆపాడు.

‘‘అది జింకేనాండీ?’’

‘‘మా కొండ జింక అలాగే ఉంటుంది.’’

‘‘సరే,’’ అన్నాడు. ‘‘ఊరు మీది.’’

డిస్ట్రోస్ 3

నేను అబద్ధం చెప్పలేదు. పనివాడికి కష్టం తగ్గించాను.

డిస్ట్రోస్ 5

అనుకున్నది అనుకున్నట్టు రాసుకుంటే తప్పేముంది, చదివేది నేనే కదా.

ఆర్టెమిసియోస్ నెలలో అమ్మవారి పండగ. ఊరంతా నాటకశాలలో కూర్చుని ఉండగా కొత్త నాణేలు బుట్టల్లో పెట్టి మనిషికొకటి పంచుతారు. ప్రతివాడూ మొదట చక్రవర్తిని చూసి కళ్ళకద్దుకుంటాడు. తర్వాత తిప్పుతాడు. తిప్పితే అమ్మవారు, ఆవిడకి అటొక గాడిద ఇటొక గాడిద, చుట్టూ ‘కార్పోస్ అధికారంలో’ అన్న అక్షరాలు. వాడి తాత ఏం మోసేవాడో తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ముందు ఎవడో ఒకడు నవ్వుతాడు. ఆ నవ్వు మెట్టు మెట్టూ ఎక్కి నాటకశాల పై అంచు దాకా పోతుంది. కార్పోస్ మొదటి వరసలో, అందరికీ కనపడేలా కూర్చుని ఉంటాడు.

ఆ నవ్వు ఒక్కటి వినాలి. తర్వాత నేను పోయినా ఫరవాలేదు.

పోవడమంటే గుర్తొచ్చింది. నాణేనికి అటువైపు చక్రవర్తి తల ఉంది. ఆయన వెనక గాడిదలు పెట్టింది వెటకారానికని ఎవడైనా గవర్నరు చెవిన వేస్తే, ఏదో ఒక బోడి ద్వీపంలో మేకల మధ్య నా చదువంతా ముగుస్తుంది. అదీ వాళ్ళకి జాలి కలిగితే. అందుకే ఇది నాకూ ఈ చుట్టకూ మధ్యనే ఉండాలి. స్టాకిస్ పని కాగానే వెళ్ళిపోతాడు. వాడికి అన్ని ఊళ్ళూ ఒక్కటే.

డిస్ట్రోస్ 19

అచ్చును సభ తరఫున కార్పోస్ పరీక్షించే రోజు. నేను పక్కనే నిలబడ్డాను. చేతులు అంగీలో దాచుకున్నాను, చలి ఇంకా తగ్గలేదు.

అచ్చులో బొమ్మ లోపలికి చెక్కి ఉంటుంది, కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. అలవాటు లేని కంటికి అదొక గుంట. కార్పోస్ దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలు అందులో గట్టిగా నొక్కి, తీసి, వేలి మీద పడిన గుర్తును చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. మళ్ళీ నొక్కాడు.

‘‘గురువుగారు దగ్గరుండి చేయించారా?’’

‘‘అవును.’’

‘‘అయితే ఇక చూడక్కర్లేదు,’’ అని అచ్చును స్టాకిస్ చేతికిచ్చాడు.

ఏమీ కనపడలేదు వాడికి. కనపడలేదని ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చింది. బడిలోనూ ఇంతే, అర్థం కానప్పుడే తల ఎక్కువగా ఊపేవాడు.

క్సాండికోస్ నెల, 1

నాణేలు కొడుతున్నారు. సుత్తి చప్పుడు మా అరుగు దాకా వినపడుతోంది. సంగీతం.

క్సాండికోస్ 8

ఈమధ్య నిద్ర బాగా పడుతోంది. జున్నుముక్క రెండోసారి అడిగాను. అప్ఫియ గిన్నె పట్టుకుని అనుమానంగా చూసింది.

‘‘పొద్దున్నుంచీ కూనిరాగం తీస్తున్నావు. ఎవరు పోయారు?’’

క్సాండికోస్ 20

స్టాకిస్ బండి కట్టుకుని వెళ్ళిపోయాడు. చక్రవర్తిని గుడ్డలో చుట్టి ఉల్లిపాయల పక్కన పెట్టుకున్నాడు.

ఆర్టెమిసియోస్ నెల, 6

రాత్రి తినలేదు. తెల్లవారాక ఇది రాస్తున్నాను, కాబట్టి తేదీ ఏడు అనాలేమో. జరిగింది మాత్రం ఆరో తేదీన.

పొద్దున అంతా సవ్యంగానే జరిగింది. తెల్లబట్ట కట్టుకుని గుడి ఆవరణలో జింకలకు మొదటి మేత పెట్టాను. ముసలి మగజింక ఎప్పటిలాగే నా వేలు కొరికింది. ఊరేగింపులో అమ్మవారి ముందు జింకలు, జింకల ముందు నేను. నాటకశాలకు చేరాం. నాకు రెండో వరసలో చోటు. నా ముందు కార్పోస్ మెడ. నూనె రాసుకుని నున్నగా ఉంది.

బుట్టలు తిరిగాయి. మనిషికి ఒక అస్సారి, అంటే చిల్లర నాణెం. కొత్త కంచు ఎండలో బంగారంలా మెరిసింది. కళ్ళు మూసుకున్నాను. వినడానికి కళ్ళెందుకు?

బుట్టల చప్పుడు పై వరసలకు పోయింది. తర్వాత వెనక నుంచి ఒక గొంతు.

‘‘ఇదేంట్రా, జింకలకి కొమ్ములేవీ?’’

‘‘జింకలెక్కడివిరా, చెవులు చూడు. గాడిదలు.’’

‘‘గాడిదలే.’’

ఎవడో నవ్వాడు. తోళ్ళ పనివాడనుకుంటాను, గొంతు బొంగురుగా ఉంది. అంత తీయటి చప్పుడు నేను పుట్టి వినలేదు. తుమ్ము ఎంతసేపుంటుందో అంతసేపు ఉంది. దాని మీద రొట్టెలమ్మే మనిషి గొంతు పడింది. ఆమె గొంతు సంత ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడుతుంది.

‘‘ఎందుకురా ఇకిలిస్తావు? చలికాలమంతా నీ నోట్లో నీళ్ళు పోసిందెవరు, జింకా? నీ పెళ్ళాం పురిట్లో ఉంటే ఒక్క మనిషైనా చెంబెడు నీళ్ళు తెచ్చాడా? మంచు తొక్కుకుంటూ నీళ్ళు మోసుకొచ్చిందేది?’’

‘‘అది కాదక్కా...’’

‘‘ఏది కాదు? మనుషులకి గుర్తు లేకపోయినా తల్లికి గుర్తుంది. పక్కన నిలబెట్టుకుంది చూడు.’’

నేను కళ్ళు తెరిచాను. ఆ మనిషి నాణేన్ని ముద్దు పెట్టుకుంటోంది. పక్కనున్నవాళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళ పక్కనున్నవాళ్ళు. నేను లెక్కవేసుకున్నట్టే అది మెట్టు మెట్టూ ఎక్కింది. నవ్వు కాదు, ఏడుపులాంటిదేదో. ఊరంతా లేచి నిలబడి, ‘‘తల్లి చూసింది, తల్లి చూసింది’’ అని ఒకే గొంతుతో అరవడం మొదలుపెట్టింది. తోళ్ళవాడే అందరికన్నా గట్టిగా అరిచాడు.

కార్పోస్ లేచి జనం వైపు తిరిగాడు. వాళ్ళకి దణ్ణం పెట్టలేదు. నాకు పెట్టాడు.

ఆర్టెమిసియోస్ 8

జనం మూర్ఖులు. ఇది నా అభిప్రాయం కాదు, నేను చదివిన పెద్దలందరూ ఏకాభిప్రాయంతో చెప్పిన మాట. ఒక ముష్టి అస్సారి చేతిలో పడగానే తాతలనాటి దేవతను మరిచి గాడిదకు మొక్కే జాతికి చరిత్ర రాసిన నాకన్నా మూర్ఖుడు ఎవడు? నీళ్ళు మోశాయట. మోయవా మరి, గాడిదలు కదా. మోయకుండా ఉపన్యాసమిస్తే అప్పుడు మొక్కాలి.

ఆర్టెమిసియోస్ 9

నీళ్ళ సంగతి నాకు తట్టలేదు. రోజూ ఆ నీళ్ళే తాగాను, అయినా తట్టలేదు.

డైసియోస్ నెల, 10

గుడి మెట్ల దగ్గర మట్టి గాడిదలు అమ్ముతున్నారు. నీలం పూసినది ఇంకొంచెం ఖరీదు. పిల్లలకి జ్వరం వస్తే దిండు కింద పెడుతున్నారట. అప్ఫియ ఒకటి కొనుక్కొచ్చి మా ఇలవేల్పుల గూట్లో పెట్టింది.

‘‘తీసెయ్,’’ అన్నాను.

‘‘నువ్వే తీయి. చెయ్యి పడిపోతే నన్నడక్కు.’’

తీయలేదు. భయపడి కాదు. నడుం నొప్పిగా ఉంది.

డైసియోస్ 14

ఒర్దెయ కుర్రాళ్ళు సంతకు వచ్చి, మా ఊరి మొగలో నిలబడి గాడిదల్లా ఓండ్ర పెట్టారట. మావాళ్ళు నది దాకా తరిమి కొట్టారు. ఒకడికి పళ్ళు ఊడాయి. మొట్టమొదటిసారి ఈ ఊరంతా ఒక మాట మీద నిలబడింది. ఏ మాట మీదో చూడండి. చూడండి అంటున్నాను, ఎవరిని?

డైసియోస్ 20

ఇవాళ సభలో నన్ను లేపారు. అమ్మవారి పక్కన గాడిదలు ఎలా వచ్చాయి, దీనికి పూర్వాధారం ఏమిటి, పొరుగూళ్ళవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? మా ఊరి చదువంతా నేనే కాబట్టి నేనే చెప్పాలి.

నిజం చెప్పేద్దామని లేచాను. ద్వీపమైతే ద్వీపం. ఈ ఊరంతా నా వెటకారాన్ని భక్తిగా మింగుతుంటే చూస్తూ కూర్చోవడం కన్నా మేకలు నయం. నవ్వు రాకపోతే పోయింది, కనీసం అది నవ్వాల్సిన విషయమని వాళ్ళకి తెలియాలి.

‘‘ఆ గాడిదల్ని పెట్టించింది అమ్మవారు కాదు,’’ అన్నాను. ‘‘నేను.’’

ఊపిరి తీసుకున్నాను. ఎందుకు పెట్టించానో చెప్పబోతుండగా వెనక బల్ల నుంచి ఎవడో అందుకున్నాడు.

‘‘అమ్మ ఈయన నోట పలికింది!’’

అంతే. మా సభలో ఒకడు అరిస్తే అందరూ అరవాలి, రాతగాడు దాన్ని అరిచినన్నిసార్లూ రాయాలి, అదీ పద్ధతి. ‘‘అమ్మ పలికింది. అత్తినాస్ చల్లగా ఉండాలి. జింకలకు మేత పెట్టే వంశం చల్లగా ఉండాలి.’’ నేను చేతులెత్తి ఆపమన్నాను. ఆశీర్వదిస్తున్నాననుకున్నారు. వచ్చే ఏడు నుంచి ఊరేగింపులో జింకల పక్కన ఒక గాడిద కూడా నడవాలనీ, దానికి మొదటి మేత పెట్టి పగ్గం పట్టే గౌరవం నాకూ నా తర్వాతివాళ్ళకూ ఉండాలనీ తీర్మానించారు. నా తర్వాతివాళ్ళు లేరు. అది కూడా ఎవరికీ గుర్తు లేదు.

అరుపులు ఆగాక మిగతా సగం చెప్పేవాణ్ణే. అప్పటికి భోజనాలవేళ అయిపోయింది.

పానెమోస్ నెల, 3

కార్పోస్ వచ్చాడు. వెంట ఎవరూ లేరు, బుట్టెడు అత్తిపళ్ళు ఉన్నాయి. అప్ఫియ వాడికి మంచి గిన్నెలో ద్రాక్షసారా పోసింది. నాకు మామూలు గిన్నె.

‘‘కూర్చోవచ్చా గురువుగారూ?’’

‘‘ఊరంతా నీదే. నన్నడుగుతావేం?’’

‘‘ఇల్లు మీది కదండీ.’’ కూర్చున్నాడు. అరుగు మీద చేత్తో దుమ్ము దులుపుకుని మరీ కూర్చున్నాడు, బడిలో కూర్చున్నట్టు. ‘‘మొన్న సభలో మీరు మాట పూర్తి చెయ్యలేదు.’’

‘‘చెయ్యనిచ్చారా?’’

‘‘మిగతాది నేను చెప్పనా? కార్పోస్‌గాడి తాత ఎవడో ఊరికి గుర్తు చేద్దామని పెట్టించాను. అంతేగా?’’

నేను పళ్ళ బుట్ట వైపు చూశాను.

‘‘అచ్చు చూసిన రోజే తెలుసండీ,’’ అన్నాడు. ‘‘వేలు నొక్కి చూసుకున్నాను. గాడిద చెవి నాకు తెలీకపోతే ఈ ఊళ్ళో ఇంకెవడికి తెలుస్తుంది? దాని వీపు మీద పెరిగినవాణ్ణి.’’

‘‘తెలిసి ఊరుకున్నావా?’’

‘‘ఊరుకోక? చక్రవర్తి తల వెనక మా తాత గాడిద. నా అంతట నేను పెట్టమని అడిగితే సభ ఊరుకునేదా, నవ్వి నవ్వి చంపేది. మీరు అడక్కుండా పెట్టించారు. ఆ రోజే మీ కాళ్ళకి మొక్కుదామనుకున్నాను. మొక్కితే మీకు కోపమొస్తుందని ఆగాను.’’

లోపల అప్ఫియ ముక్కు చీదిన చప్పుడు. గోడకి చెవి ఆనించే నిలబడుతుంది ఎప్పుడూ.

నాకు ఒకటే మాట మిగిలింది. ‘‘మరి మా నాన్న విగ్రహం?’’

కార్పోస్ గిన్నె కింద పెట్టాడు. ‘‘కొత్త రాయి లేదు, ఉన్న నాలుగు విగ్రహాల్లో ఏదో ఒకటి తీసుకోమన్నారు. మీ నాన్నగారిది తీసుకున్నాను.’’

‘‘ఎవరిదో తెలిసే?’’

‘‘తెలిసేనండీ. మిగతా మూడూ మా తాత వీధిలోకొస్తే కర్రలతో కొట్టించినవాళ్ళవి. వాళ్ళ మొహం పెట్టుకుని నేనెలా నిలబడను? మీ నాన్నగారు కొట్టించలేదు. మీ ఇంట్లో కిటికీలు మాత్రం మూసేవారట.’’

నేను గిన్నె ఎత్తి అడుగుదాకా తాగాను.

వచ్చిన పని తర్వాత చెప్పాడు. గాడిదలు అమ్మవారి పక్కకు ఎలా వచ్చాయో చెప్పే కథ కావాలి. గుడి గుమ్మం పక్కన రాతి మీద చెక్కించి, కోత కాలంలో జరిగే ఉత్సవంలో అందరికీ వినిపించాలి. చివర ‘జెనాస్ కొడుకు అత్తినాస్ రాసినది’ అని పెడతారు. కార్పోస్ పేరు ఎక్కడా ఉండదు.

‘‘నేను రాయను. నిజం చెప్పేస్తాను.’’

‘‘చెప్పండి. ఎవరూ నమ్మరు. ఒక్క గవర్నరు నమ్ముతాడు. ఆయన నమ్మితే మిమ్మల్ని ద్వీపానికి పంపిస్తాడు, నా నాణేలన్నీ కరిగిస్తాడు, రొట్టెలమ్మి ఏడుస్తుంది. ఎవరికి లాభమండీ?’’ లేచాడు. ‘‘పళ్ళు తినండి. ఎండకి మెత్తబడిపోతాయి.’’

పానెమోస్ 4

రాయను.

పానెమోస్ 5

పళ్ళు బాగున్నాయి. అది వేరే సంగతి.

పానెమోస్ 7

నేను పట్టుకున్నది వాడి తాతని. వాడు దాచుకున్నదైతేనే కదా నేను బయటపెట్టగలిగేది. దాచుకోలేదు. సిగ్గు లేదంటే లేదు వాడికి. సిగ్గులేనివాడిని ఏం చేయగలం, ఎంత చదువుకుంటే మాత్రం?

మా నాన్నని వాళ్ళ తాత ఏమని పిలిచేవాడో అడగాల్సింది.

పానెమోస్ 9

రాతి మీద చెక్కిన పేరు వందలేళ్ళు ఉంటుంది. ఆ పేరు కోసం రాస్తున్నానని ఎవరైనా అంటే ఒప్పుకోను. రాయకపోతే ఈ పనిని ఏ అరకొర చదువుల రాతగాడికో అప్పగిస్తారు, వాడు వ్యాకరణం ఖూనీ చేస్తాడు. ఊరి పరువు కోసం రాయక తప్పదు.

పానెమోస్ 15

విచిత్రం. ఇవాళ నా పూర్వచరిత్రను ముందువైపు తిప్పి చూసుకున్నాను. మా ఊరి మూలపురుషుడు దాహంతో కొండెక్కుతూ, ఒక జంతువు వెంట నడిచి నీటి ఊట కనుక్కున్నాడనీ, ఆ ఊట దగ్గరే అమ్మవారు దొరికిందనీ వయసులో ఉన్నప్పుడు రాశాను. ఏ జంతువో రాయలేదు. జింక అని రాయొచ్చు కదా, ఎవరు కాదంటారు? అయినా రాయలేదు. అంటే అప్పటికే నాకేదో తోచి ఉండాలి. పరిశోధకుడికి కొన్ని విషయాలు ఆధారాలకన్నా ముందే తెలుస్తాయి.

పానెమోస్ 22

పని సాగుతోంది. జింక నీళ్ళకోసం మనిషిని వెంటబెట్టుకుపోదు, మనిషిని చూస్తే పారిపోతుంది. గాడిద మాత్రం పోతుంది. తర్కం ప్రకారం ఇంకో జంతువు కాదు. ఇన్నాళ్ళూ ఎవరూ ఆలోచించకపోవడమే ఆశ్చర్యం.

కొమ్ముల సంగతి కూడా తేలింది. పాత చెక్కపనివాళ్ళు పొడుగు చెవులు చెక్కుతారు, తర్వాతివాళ్ళకి అవి చెవులని తెలియక కొమ్ములనుకుని కొమ్మలు అతికిస్తారు. ఇలాంటివి చాలా గుళ్ళలో జరిగే ఉంటాయి.

లోస్ నెల, 12

నాటకశాలలో వినిపించాను. గొంతు పై అంచు దాకా వెళ్ళిందని అప్ఫియ అంది. మూలపురుషుడు ఊటలో మొహం కడుక్కుని లేచి చూస్తే గాడిద లేదు, దాని చోట తల్లి నిలబడి ఉంది, అన్న దగ్గర రొట్టెలమ్మి బోరున ఏడ్చింది. తోళ్ళవాడు పైబట్ట చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. కార్పోస్ తల దించుకుని విన్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. కోత కాలం కదా, గాలి నిండా పొట్టు.

ఎక్కడా ఎవరూ నవ్వలేదు. అక్కడక్కడ నవ్వుతారేమోనని నాకు బెంగగా ఉండింది.

గోర్పియాయోస్ నెల, 17

సంతలో ఒర్దెయ బడిపంతులు ఎదురయ్యాడు. నాలుగు పుస్తకాలు చదివి నలభై చదివినట్టు నడుస్తాడు. గుమ్మం దగ్గరి రాయి చదివి వస్తున్నాడట.

‘‘రాత బాగుందండీ అత్తినాస్‌గారూ,’’ అన్నాడు. ‘‘ఒక్క అనుమానం. ఆ గాడిదలు పోయిన వసంతంలో పుట్టినవని మా ఊళ్ళో అనుకుంటున్నారు. ఎవడో ముసలాయన ఎవడిమీదో కోపంతో చెక్కించాడని స్టాకిస్ మా వాకిట్లో కూర్చుని చెప్పి నవ్వాడట. నిజమేనా?’’

నాకు ఒళ్ళు మండిపోయింది. చుట్టూ జనం పోగయ్యారు.

‘‘ఊరూరా తిరిగి కంచు గీసుకునేవాడు నీకు ప్రమాణమా?’’ అన్నాను. ‘‘నువ్వు పిల్లలకి పాఠాలు చెప్తున్నావా, ఉల్లిపాయలు అమ్ముకుంటున్నావా? మా ఊట ఏ దిక్కుకి పారుతుందో తెలుసా? మా మూలపురుషుడి తల్లి పేరు తెలుసా? గుళ్ళో దూలం మీద పొగచూరిన బొమ్మ ఉంది, ఎప్పుడైనా తలెత్తి చూశావా? పో, వెళ్ళి చదువుకుని రా.’’

అందర్నీ గుడి దగ్గరికి తీసుకెళ్ళి, చెప్పులు విడిచి, మెట్లెక్కి, పూర్వాధారాలు ఒక్కొక్కటే వివరించాను. సూర్యుడు గుడి కప్పు దాటేదాకా వివరించాను. జనం కదల్లేదు. రొట్టెలమ్మి నాకు వేడి రొట్టె ఇచ్చి డబ్బు తీసుకోలేదు.

ఇంటికి వచ్చినా కోపం తగ్గలేదు. చదువుకున్నవాడై ఉండి ఒక పనివాడి నవ్వును పట్టుకుని ఒక ఊరి దైవాన్ని అంత మాట అంటాడా? వాళ్ళ నాణెం నా దగ్గర ఒకటుంది, తీసి చూశాను. వాళ్ళ జింకలకు కొమ్ములున్నాయి. ఈమధ్య ఎవడో తగిలించినవి, తెలిసిపోతూనే ఉంది.